పని చేసినవారు

మన భాషలో ఆ పనికున్న మాటలన్నీ ప్రయాణాలే. దొడ్డికెళ్ళడం. బయటికెళ్ళడం. చెంబు పట్టుకుని చెరువుగట్టుకెళ్ళడం. కాస్త మర్యాదగా చెప్పాలంటే బహిర్భూమికి వెళ్ళడం. ఇల్లు ఒకచోట, అది ఇంకోచోట, మధ్యలో నడక. తర్వాత అపార్ట్‌మెంట్లొచ్చాయి, మంచానికి నాలుగడుగుల దూరంలో అటాచ్‌డ్ బాత్రూమొచ్చింది. అయినా మాట మారలేదు, ఇప్పటికీ "వెళ్ళొస్తా" అనే అంటాం. మనం వెళ్ళడం మానేశాక ఆ వెళ్ళే పనేదో అదే చూసుకుంటోంది. ఫ్లష్ నొక్కితే పోతుంది. ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు.

మోటర్‌హోమ్‌లో అది ఎక్కడికీ పోదు. మనతోనే వస్తుంది. మనం గంటకి 65 మైళ్ళ వేగంతో పోతుంటే అదీ 65 మైళ్ళ వేగంతో, మన కాళ్ళ కింద, ఒక ప్లాస్టిక్ ట్యాంకులో కూచుని వస్తుంది.

మూడేళ్ళ కిందట డాలస్‌లో మేమొక 24 అడుగుల పాత బండి కొన్నాం. అమ్మినాయన రిటైరైన పెద్దమనిషి. ఇంజను గురించి పది నిమిషాలు చెప్పాడు, ట్యాంకుల గురించి గంటసేపు చెప్పాడు. అప్పుడు నవ్వొచ్చింది కానీ, ఇంజనుకి మెకానిక్ దొరుకుతాడు, దీనికి మాత్రం మనమే. బండి వెనక్కి తీయడమంటే నాకు భయం కాబట్టి డ్రైవింగ్ మా ఆయనదీ, ట్యాంకులు నావీ అని పంచుకున్నాం.

ట్యాంకులు మూడు. మంచినీళ్ళకి 40 గ్యాలన్లు. సింకు నీళ్ళూ స్నానం నీళ్ళూ పోయే గ్రే ట్యాంకు 35. టాయిలెట్ కింద ఉండే బ్లాక్ ట్యాంకు 30. గ్యాలనంటే మూడుముప్పావు లీటర్ల పైమాటే, 3.78. అంటే బ్లాక్ ట్యాంకు నిండితే 113 కిలోలు. మన ఇంట్లో ఒక లావుపాటి మనిషి అదనంగా ఎక్కినట్టు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీనికొక బరువుంటుందని నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంటే, అందులో మన వాటా ఎంతో లెక్క కట్టుకోగలను.

కొత్తవాళ్ళు మొదట నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, అది మన బుద్ధికి సరిగ్గా అడ్డంగా ఉంటుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో మురుగు కనెక్షన్ ఉన్నా సరే, బ్లాక్ ట్యాంకు తూము తెరిచి ఉంచకూడదు. ఎప్పటిదప్పుడు పోతే శుభ్రంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ అలా తెరిచి ఉంచితే నీళ్ళు మాత్రమే జారిపోతాయి. గట్టిది అడుగున దిబ్బలా పేరుకుని ఎండిపోతుంది. ఇక దాన్ని కరిగించడానికి రోజుల తరబడి వేణ్ణీళ్ళు పోసి నానబెట్టాలి. అందుకని మూసే ఉంచాలి. మూడింట రెండొంతులు నిండేదాకా భరించాలి. అప్పుడు ఒక్కసారి లాగితే ఆ నీటి ఊపుకి అన్నీ కొట్టుకుపోతాయి. ఎప్పటిదప్పుడు కళ్ళముందు నుంచి పోవాలనుకునేవాళ్ళకి ఈ బండి పనికిరాదు.

నిండిందో లేదో చెప్పడానికి గోడమీద ఒక మీటరుంటుంది. అది అబద్ధాలకోరు. ట్యాంకు లోపలి గోడకుండే మొలల్లాంటి సెన్సర్లకి ఏదో ఒకటి అంటుకుని, ఖాళీ చేసి కడిగాక కూడా రెండొంతులు నిండినట్టే చూపిస్తుంది. అందుకని రోజులు లెక్కపెట్టుకోవాలి, మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి, టాయిలెట్ తొక్కినప్పుడు వచ్చే చప్పుడు వినాలి. ఖాళీ ట్యాంకు చప్పుడు లోతుగా, నూతిలో రాయి పడ్డట్టుంటుంది. నిండేకొద్దీ అది దగ్గరికొస్తుంది.

పోయినేడు మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. గ్రాండ్ కేన్యన్ చూపిద్దామని నలుగురం బయల్దేరాం. అమరిల్లో, ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా రోజుకి నాలుగైదు గంటల చొప్పున ప్రయాణం.

నీళ్ళ విషయంలో అమ్మకి నేనేమీ నేర్పక్కర్లేకపోయింది. పొద్దున్న గంటసేపు వచ్చే మునిసిపల్ కుళాయితో ఇరవయ్యేళ్ళు సంసారం ఈదిన మనిషి. 40 గ్యాలన్లంటే ఎన్ని బిందెలో అడిగింది. పది బిందెల దాకా అన్నాను. "ఇంకేం, రెండ్రోజులు రాజాలా బతకొచ్చు" అంది. గిన్నెలు కుళాయి కింద కడక్కుండా బేసిన్‌లో ముంచి కడిగింది, నూనె పెనాన్ని ముందు కాగితంతో తుడిచింది. గ్రే ట్యాంకు కంపు కొట్టేది సబ్బు వల్ల కాదు, అన్నం మెతుకుల వల్లా నూనె జిడ్డు వల్లా. అది తెలిసి కాదు, అలవాటు చొప్పునే చేసింది.

ఇంకోటి. ఈ బళ్ళున్న అమెరికావాళ్ళకి పెద్ద దిగులు కాగితం. తొందరగా కరిగే పల్చటి టాయిలెట్ పేపరే కొంటారు. సీసాలో నీళ్ళు పోసి, కాగితం వేసి, ఊపి చూసి, విడిపోతే సరే, లేకపోతే వద్దు అని పరీక్షలు పెడతారు. మనింట్లో మగ్గు. ట్యాంకు ఒకరోజు ముందే నిండుతుంది కానీ అడ్డుపడేదంటూ ఉండదు. ఈ విషయంలో మన నాగరికత గెలిచిందని నాన్న ప్రకటించాడు.

కానీ ఆయనకి మొదటిరోజు నుంచీ మింగుడుపడనిది వేరే ఉంది. అమరిల్లో దాటాక ఒక బంకు పక్కన డంప్ స్టేషన్ దగ్గర ఆపాం. నేను గ్లవ్స్ తొడుక్కుంటుంటే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"దీనికి మనిషెవరూ ఉండరా అమ్మా?"

"ఉండరు నాన్నా."

"డబ్బులిస్తామంటే కూడా?"

"నేనే మనిషిని."

ఆయన తల లోపలికి తీసుకున్నాడు. నేను పని చేసుకున్నాను. ఆ పనికి ఒక వరసుంది. బండి పక్కనున్న గొట్టం మూత తీసేముందు కింద చిన్న బకెట్ పెట్టాలి, ఎంత మంచి తూమైనా నాలుగు చుక్కలు కారుతుంది. మూడంగుళాల గొట్టాన్ని మెలితిప్పి బిగించాలి, రెండో కొస నేలలో ఉన్న కన్నంలో దించి, జారకుండా బరువు పెట్టాలి. ముందు బ్లాక్ తూము లాగాలి. ఒక్క ఊపున వెళ్తుంది. గొట్టం మొదట్లో పారదర్శకమైన ముక్క ఒకటి పెట్టుకుంటాం, అందులో కనిపిస్తుంది. చూడాలి, వేరే దారి లేదు. ధార సన్నబడ్డాక లోపల నీళ్ళు కొట్టి కడిగి, మళ్ళీ వదిలి, అప్పుడు ఆ తూము మూసేసి గ్రే తూము లాగాలి. సబ్బునీళ్ళు వెనకాలే వచ్చి గొట్టాన్ని కడుగుతాయి. ఈ వరస తప్పకూడదు. చివర గొట్టం విప్పి, బండి వైపు కొస ఎత్తి పట్టుకుని, భుజాల ఎత్తున జరుపుకుంటూ నడిస్తే మిగిలింది కన్నంలోకి జారుతుంది. ఇక్కడ కడుక్కునే పైపు వేరు, మంచినీళ్ళు పట్టుకునే పైపు వేరు. ఆ రెండూ ఒకే అరలో కూడా పెట్టను.

తర్వాత ట్యాంకుని ఉత్తగా వదలకూడదు. రెండుమూడు గ్యాలన్ల నీళ్ళు పోసి, ఎంజైమ్ మందు వేయాలి. వెనకటి మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది. వాసన ఠక్కున చచ్చిపోతుంది, నిజమే. దాంతోపాటు కుళ్ళబెట్టే బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఆ నీళ్ళు ఏ క్యాంప్‌గ్రౌండ్ సెప్టిక్ ట్యాంకులోకి పోతే అక్కడి బ్యాక్టీరియానీ చంపుతాయి. మన ముక్కు సుఖానికి ఎక్కడో ఇంకొకరి ట్యాంకు చెడిపోతుంది. నేను ఎంజైమ్‌దే కొంటాను. వాసన కొంచెం ఉంటుంది, ఉండనీ.

ఆ సాయంత్రం నాన్న నా దగ్గర ఒక స్పైరల్ నోట్‌బుక్ అడిగి తీసుకున్నాడు. మీటరు అబద్ధాలు చెప్తోందంటే ఊరుకోలేకపోయాడు. ఆయన కృష్ణాజిల్లాలో ఒక చిన్న మునిసిపాలిటీలో 34 ఏళ్ళు గుమాస్తాగా చేసి 2008లో రిటైరయ్యాడు. స్కేలు దొరక్క మొబైల్ ఫోను అంచుతో గీతలు గీశాడు. తేదీ. ఊరు. మంచినీళ్ళు. గ్రే. బ్లాక్. రిమార్కులు. చివర ఇంకో కాలమ్, "పని చేసినవారు". ఆ కాలమ్‌లో నా పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాశాడు. ఆల్బకర్కీ దగ్గరా అంతే.

సౌత్ రిమ్ మీద మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ బళ్ళకి నీళ్ళ కనెక్షనుండదు, కరెంటుండదు, మురుగు కనెక్షనుండదు. వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసుకుని పోవాల్సిందే. ఏడువేల అడుగుల ఎత్తు, రాత్రిళ్ళు మే నెల్లో కూడా చలి. అక్కడ తాగే నీళ్ళు లోయకి అవతలి వైపునుంచి, రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊటల నుంచి, పన్నెండున్నర మైళ్ళ పైపులో దిగి మళ్ళీ ఎక్కి వస్తాయి. అంత కష్టపడి వచ్చిన నీళ్ళు కాబట్టి 1926లోనే అక్కడ మురుగునీటిని శుద్ధి చేసి మళ్ళీ టాయిలెట్ ఫ్లష్‌లకి వాడటం మొదలుపెట్టారు. ఈ సంగతి చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లోయని చూసినదానికంటే దానికే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక బండి బయట కుర్చీలేసుకుని కూచున్నాం. ఎవరిదో ట్యాంకు గొట్టం సరిగా లేదు కాబోలు, గాలి తిరిగినప్పుడల్లా కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తోంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అన్నాను. వాసన ఉన్నంతసేపూ పర్లేదు, మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు, అప్పుడే ప్రమాదం అన్నాను. ఆ మాట దగ్గర నాన్న మొదలుపెట్టాడు.

ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు మా ఊళ్ళో ఇంకా పాకీదొడ్లు ఉండేవట. ఇళ్ళ వెనక సందు, ఆ సందులోకి తెరుచుకునే చిన్న రేకు తలుపు. తెల్లారుజామున వాళ్ళు అటునుంచి వచ్చి అటే పోయేవాళ్ళు. వీధి గుమ్మంవైపు నుంచి వాళ్ళని చూసినవాళ్ళు లేరు. నాన్న పని పారిశుధ్య విభాగం మస్టరు రాయడం. పొద్దున్న అయిదున్నరకి ఆఫీసు ఆవరణలో నిలబడి పేర్లు పిలవాలి. ఎదురుగా టీ బడ్డీ. దాని చూరుకింద, బయట, వాళ్ళకి వేరే గ్లాసులు. తాగి, కడిగి, బోర్లించి పోవాలి.

"పేర్లు గుర్తున్నాయా?" అని అడిగాను.

"నంబర్లు గుర్తున్నాయి" అన్నాడు.

పదకొండో నంబరు ఎన్.ఎం.ఆర్. అంటే పర్మినెంట్ కాదు, రోజుకూలీ మస్టరు. నేను పుట్టిన మరుసటేడు, ఒక ఆదివారం, ఎవరో పెద్దమనిషి చెప్తే వాళ్ళలో ఇద్దర్ని ఒక సినిమాహాలు సెప్టిక్ ట్యాంకులో దింపారట. ఒకడు పైకొచ్చాడు. ఆదివారం కాబట్టి డ్యూటీ కాదు. డ్యూటీ కాదు కాబట్టి ఆఫీసుకి సంబంధం లేదు.

"సోమవారం మస్టరు పిలిచా. పదకొండు దగ్గరికొచ్చేసరికి ఎవరో 'లేడయ్యగారూ' అన్నారు. ఆబ్సెంట్ వేశా. మంగళవారం ఆబ్సెంట్. బుధవారం ఆబ్సెంట్. నాలుగోరోజు పేరు కొట్టేశాం."

అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఆవిడకీ కొత్తే ఈ కథ.

"రూలదే" అన్నాడు నాన్న, మేమెవరం ఏమీ అనకుండానే.

ఆ తర్వాత రూళ్ళు వచ్చాయి. పాకీ పనినీ, పాకీదొడ్లనీ నిషేధిస్తూ 1993లో ఒక చట్టం. సెప్టిక్ ట్యాంకుల్నీ, మురుగు కాలవల్నీ, రైలు పట్టాల్నీ కూడా కలిపి 2013లో ఇంకో చట్టం. రైలు పట్టాలెందుకంటే, మనం చిన్నప్పుడు ఎక్కిన రైళ్ళన్నిట్లో కింద కన్నమే. స్టేషన్లో ఆగినప్పుడు వాడొద్దని రాసి ఉండేది, స్టేషను దాటితే అదెవరి తలనొప్పో రాసి ఉండేది కాదు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసు మీద 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1993 నుంచీ మురుగులో దిగి చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ సంస్థని నిలబెట్టినవారిలో బెజవాడ విల్సన్ ఒకరు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో, ఇదే పని చేసిన కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు చూస్తే మా పక్క ఊరే.

పదకొండో నంబరు ఈ లెక్కల్లోకి రాడు. 1993కి ముందే పోయాడు.

నేను చేసే పనికీ ఆ పనికీ పోలిక తెచ్చే ఉద్దేశం నాకు లేదు. నా చేతికి గ్లవ్స్ ఉన్నాయి, మధ్యలో గొట్టముంది, తూముంది. పది నిమిషాల పని. అది నా సరదా ప్రయాణంలో ఒక భాగం, నచ్చకపోతే బండి అమ్మేస్తాను. ముఖ్యంగా, నేను చేతులు కడుక్కుంటే అయిపోతుంది. డంప్ స్టేషన్ నుంచి తిన్నగా ఏ కాఫీ షాపులోకైనా వెళ్ళొచ్చు, నాకోసం చూరుకింద వేరే కప్పు పెట్టరు. వాళ్ళకి కడుక్కున్నా అయిపోలేదు, పని మానేసినా అయిపోలేదు, పిల్లలు చదువుకున్నా అయిపోలేదు. ఈ దేశంలో బ్యాంకు మేనేజరూ, లారీ డ్రైవరూ డంప్ స్టేషన్ దగ్గర ఒకే లైన్లో నిలబడి గొట్టాల గురించి కబుర్లు చెప్పుకోవడం చూశాను. ఇక్కడ అది ఒక పని మాత్రమే. మన దగ్గర అది కొందరి పుట్టుక.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ ఉన్న వీధిలో గోడలమీదా, కరెంటు స్తంభాలమీదా సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ అని ఫోన్ నంబర్లుంటాయి. పేరుండదు, నంబరే. లారీ వస్తుంది, మిషన్ లాగుతుంది. 2017లో జలమండలి సన్నటి గల్లీల్లోకి దూరే చిన్న జెట్టింగ్ మిషన్లు కూడా తెచ్చింది. అయినా అడుగున గట్టిపడింది మిషన్‌కి రానప్పుడు ఎవర్నో ఒకర్ని దింపుతూనే ఉన్నారు, పేపర్లో చిన్న వార్తగా వస్తూనే ఉంది. అడుగున ఎందుకు గట్టిపడుతుందో ఇప్పుడు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి మూత తియ్యకుండా, అదొకటుందనే గుర్తులేకుండా వదిలేస్తే గట్టిపడుతుంది. నా 30 గ్యాలన్ల ట్యాంకునే వారం పట్టించుకోకపోతే మొండికేస్తుంది. వేళకి తీయించుకుంటే ఎవరూ దిగక్కర్లేని చోట, మనం మర్చిపోయినందుకు ఎవరో దిగుతున్నారు.

బయల్దేరే రోజు పొద్దున్నే డంప్ స్టేషన్‌కెళ్ళాం. ముందు రెండు బళ్ళున్నాయి. మా వంతు వచ్చేసరికి నాన్న కిందకి దిగి, గ్లవ్స్ పెట్టెలోంచి రెండు తీసుకున్నాడు. ఆయన వేళ్ళకి ఎక్కలేదవి, నేను పట్టుకుని లాగి తొడిగాను. గొట్టం నేనే బిగించాను.

"తూము నేను లాగుతా" అన్నాడు.

పక్కన నిలబడి చెప్పాను. ముందు బ్లాక్, అది మూశాకే గ్రే. లాగాడు. పారదర్శకమైన ముక్కలోంచి పోతున్నంతసేపూ చూశాడు, మొహం తిప్పుకోలేదు. కబురేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాత్రి చెప్పిన దానికీ దీనికీ సంబంధముందో, బరువు ఎత్తడం నాకు కష్టమవుతోందని దిగాడో నాకు తెలీదు. అంతా అయ్యాక, కన్నం చుట్టూ సిమెంటు నేలని నీళ్ళు కొట్టి కడిగాడు. శుభ్రంగానే ఉందంటే, వెనకాల వాళ్ళున్నారు కదా అని ఇంకోసారి కడిగాడు.

ఆ రోజు నోట్‌బుక్‌లో చివరి కాలమ్‌లో రెండు పేర్లున్నాయి, మొదట నాది, కింద ఆయనది.

వాళ్ళు ఇండియా వెళ్ళి ఏడాది కావస్తోంది. ఆ పుస్తకం బండిలోనే, గరిటెల సొరుగులో ఉంది. మేం ఎక్కడికైనా వెళ్ళొస్తే ఆదివారం వీడియో కాల్‌లో నాన్న అడిగే మొదటి ప్రశ్న ఊరెలా ఉందని కాదు. "బుక్కు రాస్తున్నావా?" అంటాడు. రాస్తున్నానంటాను. "ఆఖరి కాలమ్?" అంటాడు. ఈమధ్య మా ఆయన పేరు కూడా పడుతోంది. పేజీ ఫోను కెమెరాకి ఎదురుగా పెట్టి చూపించమంటాడు. కళ్ళజోడు సవరించుకుని, వేలుపెట్టి ఒక్కో పేరూ పైకి చదువుతాడు.